పైకి చెప్పు

ఉదయం ఆరు కాకముందే ఆవిడ రెండుసార్లు చచ్చిపోయింది.

మొదటిసారి, గ్లౌజులు వేసుకున్నానని భర్త పైకి చెప్పకపోవడంవల్ల. రెండోసారి, ఆవిడ ఊపిరిని నిమిషంపాటు శ్రద్ధగా లెక్కపెట్టి, ఆ లెక్కను అతను కడుపులోనే దాచుకోవడంవల్ల. ముందుగదిలో చాపమీద వెల్లకిలా పడుకుని, స్టవ్ మీది పాలమీద ఒక చెవి వేసి ఉంచి, ఆవిడ మూడోసారి బతికి గుండెలు పట్టుకుని మూలగడం మొదలుపెట్టింది.

"నాన్నా, మళ్లీ ఏం చెప్పలేదు నువ్వు," అంది కూతురు. కాలేజీలో చదువుతోంది. నెలరోజులుగా ఇంట్లో పరీక్షాధికారి తనే. కుర్చీలో కాళ్లు పైకి పెట్టుకుని, మోకాళ్లకి పరీక్ష కాగితం ఆనించుకుని కూర్చుంది.

"చేశాను కదే."

"చేశావు. చెప్పలేదు. అమ్మ పోయింది."

"పోయినదాన్ని ఎలాగూ పోయాను, ఒక్క నిమిషం లేవనివ్వండి, పాలు పొంగుతున్నాయి," అని ఆవిడ వంటింట్లోకి పరుగెత్తింది. అతను మోకాళ్లమీదే ఉండిపోయి, ఖాళీ చాపవైపు చూస్తూ గ్లౌజులు విప్పాడు. చేతులు చెమటకి నానిపోయి ఉన్నాయి.

అతనికి నలభై ఆరేళ్లు. పంతొమ్మిదేళ్లుగా అంబులెన్స్ డ్రైవరు. మాట తక్కువ మనిషి అంటే అది మర్యాదకి అనడమే, నిజానికి అతని దగ్గర మాట దొరకడమే కష్టం. డిపోలో అందరూ 'సైలెన్సర్' అంటారు. పైన సైరను, లోపల సైలెన్సరు, ఆ బండికి అలా సరిపోయిందని వాళ్ల జోకు. జీతం చీటీమీద తప్ప అతని అసలు పేరు ఇంకెక్కడా కనిపించదు. పెళ్లైన కొత్తలో ఈయనకి చెవుడేమో అనుకుని వారంరోజులు గట్టిగా అరిచి మాట్లాడానని భార్య ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. అతను పక్కనే కూర్చుని నవ్వుతాడు, అదీ చప్పుడు లేకుండానే.

మాట లేకపోయినా ఇన్నాళ్లూ గడిచిపోయింది. స్టీరింగు ఎవరినీ ప్రశ్నలడగదు. కానీ పోయిన ఏడాది పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట బండెక్కే ప్రతి మనిషికీ, డ్రైవరుతో సహా, అత్యవసర వైద్య టెక్నీషియన్‌గా రాష్ట్ర సర్టిఫికెట్ ఉండి తీరాలి. లేనివాళ్లు వచ్చే నెల ఒకటో తారీకు నుంచి షెడ్డులో బళ్లు కడుగుతారు. అతను ఆరునెలలు శిక్షణకి వెళ్లాడు. రాతపరీక్ష మొదటిసారికే దాటేశాడు, తరగతిలో రెండో స్థానం కూడాను. చేతల పరీక్ష మాత్రం రెండుసార్లు తన్నేసింది. మూడోసారే ఆఖరు, ఆ తర్వాత రాయనివ్వరు. ఆ మూడోసారి ఇవాళే.

మొదటిసారి అన్నీ సక్రమంగానే చేశాడు. గదిలోకి వెళ్తూనే గ్లౌజులు తొడుక్కున్నాడు, చుట్టుపక్కల కరెంటు తీగలేమైనా తెగిపడ్డాయేమో చూశాడు, ఆ తర్వాతే పేషెంటు మీదికి వంగాడు. తీరా చూస్తే కాగితంమీద 'గ్లౌజులు వేసుకోలేదు' అని ఉంది. రెండు చేతులూ ఎత్తి చూపించాడు. అప్పటికీ గ్లౌజులు చేతులకే ఉన్నాయి.

"నాకు కనబడక కాదండీ," అంది పరీక్ష చేసే డాక్టరమ్మ. "మీరు అనలేదు. ఇక్కడ నోటితో అన్నవాటికే మార్కులు. మీ చేతులు ఏం చేస్తున్నాయో, మీ కళ్లకి ఏం కనబడిందో నాకు చెప్పాలి. రేపు ఆస్పత్రిలో పేషెంటుని అప్పగించేటప్పుడు కూడా ఇలాగే చేతులెత్తి చూపిస్తారా?"

రెండోసారి గ్లౌజుల సంగతి బడిపిల్లాడిలా వల్లించాడు. ఆ తర్వాత శిక్షణలో పట్టుబడిన అలవాటు అతన్ని ముంచింది. బండిలో పనిచేసే టెక్నీషియన్లు ప్యాంటు ఎడమతొడమీద తెల్ల ప్లాస్టర్ ముక్క ఒకటి అంటించుకుని నాడి, ఊపిరి, బీపీ, టైము దానిమీదే రాసుకుంటారు. కుదుపులకి కాగితం ఎగిరిపోతుంది గాని తొడ ఎక్కడికీ పోదు. అతను కూడా పేషెంటుకి చూడవలసినవన్నీ చూసి, తొడమీద ముత్యాల్లాంటి అంకెలు వేసుకుని నిలబడ్డాడు. "బీపీ చూశారా, లేదా?" అని ఆఖరున డాక్టరమ్మ అడిగితే వినయంగా తొడ చూపించాడు. ఆవిడ అటు చూడనైనా లేదు. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే భార్య నవ్వలేక, ఏడవలేక మంచంమీద గోడవైపు తిరిగి పడుకుంది.

పాలు తాగి, ఉతికి ఇస్త్రీ చేసిన యూనిఫాం తొడుక్కుని బయల్దేరాడు. గుమ్మందాకా వచ్చి భార్య కాలరు సర్దింది.

"పాసవకపోతే ఏమవుతుంది? బళ్లు కడుగుతారు. కడగడం మీకు కొత్తా?" అంది. ఆ మాట అన్నది ధైర్యానికే గాని, రాత్రంతా తనకీ నిద్రలేదని ఆవిడ కళ్లు చెబుతున్నాయి. అతను తలూపాడు. "అదిగో, ఆ తలూపుడే వద్దని చెప్పేది," అంది ఆవిడ.

తొమ్మిదికల్లా పరీక్షకి చేరాలి. దారిలో ముందు ఆస్పత్రికి వెళ్లాడు.

మూడో అంతస్తు వార్డులో కిటికీ పక్క మంచంమీద బాబాయ్ ఉన్నాడు. సొంత బాబాయ్ కాదు. ముప్ఫై ఒక్కేళ్లు టెక్నీషియన్‌గా పనిచేసి, ఆఖరి పదహారేళ్లూ సైలెన్సర్ బండిలోనే వెనక కూర్చున్న మనిషి. పెళ్లి చేసుకోలేదు, నా అన్నవాళ్లు లేరు. ఆస్పత్రి కాగితాల్లో 'దగ్గరివారు' అన్నచోట డ్రైవరు ఫోన్ నంబరు రాయించాడు. ఊపిరితిత్తులు రెండూ పాడైపోయాయి. ఊపిరాడకపోతే యంత్రం పెట్టొద్దని, ఛాతీ నొక్కొద్దని నెలక్రితమే డాక్టర్ల ముందు సంతకం చేశాడు. "నేను ఎంతమంది పక్కటెముకలు విరగ్గొట్టానో నాకు తెలుసు, నావి వదిలెయ్యండి," అన్నాట్ట.

ఒకప్పుడు ఆయన నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. స్పృహలేని పేషెంటుతో కూడా దారిపొడుగునా మాట్లాడుతూనే ఉండేవాడు. ఇదిగో ఇప్పుడు సూది గుచ్చుతున్నానమ్మా, ఇదిగో దుప్పటి కప్పుతున్నానయ్యా అని. ఇప్పుడు మూడు మాటలకి ఒకసారి ఆగి ముక్కులోని ఆక్సిజన్ గొట్టంనుంచి గాలి లాక్కోవలసి వస్తోంది.

ఆయన చూపు తిన్నగా సైలెన్సర్ తొడమీదికి పోయింది. పొద్దున్న చొక్కా గుండీలు పెట్టుకున్నట్టే పరధ్యానంగా ప్లాస్టర్ ముక్క కూడా అంటించుకుని వచ్చేశాడు.

"ఆ ముక్క... ఇలా తియ్యి."

తీశాడు.

"చుట్ట కూడా. పెన్ను."

పోలీసులకి దొరికినవాడిలా జేబులోంచి ప్లాస్టర్ చుట్ట, పెన్ను తీసి మంచంమీద పెట్టాడు. బాబాయ్ ఆ ముక్కని దుప్పటిమీద, సరిగ్గా తన ఎడమతొడ ఉన్నచోట అంటించుకుని వేలితో సాపు చేసుకున్నాడు. "ఇది ఉంటే... నీ నోరు లేవదు," అన్నాడు.

సైలెన్సర్ కళ్లు అప్పటికే ఆయన ఛాతీమీద ఉన్నాయి, గోడ గడియారంమీద ఉన్నాయి. బాబాయ్ కనిపెట్టాడు.

"ఎంత?"

సైలెన్సర్ ఇంకోసారి గడియారం చూశాడు.

"పైకి చెప్పరా."

"ఇరవై ఆరు."

"నిన్న?"

"ఇరవై రెండు." ఒక్కరోజులో నిమిషానికి నాలుగు ఊపిర్లు పెరిగాయంటే దాని అర్థమేమిటో ఇద్దరికీ తెలుసు. సైలెన్సర్ పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"నేను వెళ్లను బాబాయ్."

"వెళ్లకపోతే... నీకింకో పరీక్ష లేదు. నాకు... ఇక్కడ నర్సులున్నారు." ఆగి, గాలి పీల్చుకుని, చిరాగ్గా చెయ్యి విదిలించాడు. "లే. పదహారేళ్లు... నీ వీపు చూస్తూ కూర్చున్నా. ఇంకా ఎందుకు?"

అతను లేచాడు. ఏదైనా తేడా వస్తే వెంటనే ఫోన్ చెయ్యమని గుమ్మం దగ్గర నర్సమ్మకి చెప్పాడు. రెండుసార్లు చెప్పాడు. అతని లెక్కకి అది ఉపన్యాసమే.

పరీక్ష జరిగే భవనంలో పొడవాటి నడవా, ఇటూ అటూ నాలుగు గదులు. గేటు దగ్గర ఫోన్లు తీసుకుని నంబర్లు వేసిన డబ్బాలో పడేశారు. ఆ డబ్బా మూత పడేదాకా అతను అక్కడే నిలబడ్డాడు. ఛాతీమీద ముప్ఫై నాలుగు అని కాగితం గుచ్చారు. నడవాలో బెంచీలమీద కుర్రకారు గుంపులుగా కూర్చుని పెదాలు కదుపుతూ వల్లె వేసుకుంటున్నారు. అతనొక్కడే పెదాలు బిగించుకుని గోడకి ఆనుకున్నాడు.

రక్తం ఆపడం, విరిగిన ఎముకకి కట్టు కట్టడం, రబ్బరు సంచి నొక్కి ఊపిరి అందించడం. ఈ మూడు గదులూ గట్టెక్కాడు. అక్కడ ఎలాగూ చేతులదే పని, మాట కొద్దిగా ఉంటే చాలు. కానీ ఒక్కొక్క గదికీ మధ్య గంట చొప్పున బెంచీమీద కూర్చోవడం అతని ప్రాణాలు తోడేసింది. పదిన్నర అయింది. పదకొండున్నర దాటింది. ఇప్పుడు వార్డులో ఎంత ఉంటుంది? ఇరవై ఎనిమిదా? ముప్ఫైయా? గేటుదాకా వెళ్లి ఫోన్ అడుగుదామని ఒకసారి లేచాడు. బయటికి వెళ్తే మళ్లీ లోపలికి రానివ్వరని గుమస్తా చెప్పాడు. కూర్చున్నాడు.

ఒంటిగంట దాటి పది నిమిషాలకి నాలుగో గదిలోకి పిలిచారు. రెండుసార్లు ఓడిపోయిన గది అదే. అదే డాక్టరమ్మ, మెడలో గొలుసుకి వేలాడే అవే కళ్లద్దాలు. బల్లమీద పేషెంటు వేషంలో ఒక నడివయసు ఆవిడ పడుకుని ఉంది. పొద్దున్నించి ముప్ఫై మూడుసార్లు ఆయాసపడి అలిసిపోయిందో ఏమో, ఆవలింత ఆపుకుంటోంది.

"అరవై ఏళ్ల మనిషి, తెల్లవారుజామునుంచి ఆయాసం. మీకు పది నిమిషాలు," అని డాక్టరమ్మ గడియారం నొక్కింది.

"గ్లౌజులు వేసుకున్నాను. చుట్టూ చూశాను, ప్రమాదమేమీ లేదు," అన్నాడు. అది నోటికి వచ్చేసింది. వంగి పేషెంటు మణికట్టు పట్టుకున్నాడు, ఛాతీ చూశాడు, లెక్కపెట్టాడు. లెక్క పూర్తికాగానే కుడిచెయ్యి దానంతట అదే ఎడమతొడమీదికి వెళ్లింది. అక్కడ బట్ట తప్ప ఏమీ తగల్లేదు.

బుర్రలో ఉన్నదంతా ఒక్కసారిగా ఎగిరిపోయింది. పేషెంటు మూలుగుతోంది. డాక్టరమ్మ పెన్ను కాగితంమీద ఆగి ఉంది. నిమిషం పోయింది. అతని గొంతులో ఏదో అడ్డుపడి ఉండిపోయింది.

అది ఇవాళ అడ్డుపడింది కాదు. పదకొండేళ్ల కిందటిది. ఆరోజు బండి వెనక నాలుగేళ్ల పాప, బాబాయ్, పాప తల్లి ఉన్నారు. డ్రైవరు సీటు వెనకున్న చిన్న కిటికీలోంచి ఆ తల్లి వేళ్లు పెట్టి, "బాబూ, మా పాపకేం కాదు కదా?" అంది. మొదటినుంచీ మాట తక్కువే అయినా, అప్పటికింకా అడిగితే జవాబు చెప్పే మనిషే. "ఏం కాదమ్మా, వచ్చేశాం," అన్నాడు. ఆస్పత్రి వాకిట్లో డాక్టరు తల అడ్డంగా ఊపాక, ఆవిడ డాక్టరుని వదిలేసి తిన్నగా ఇతని దగ్గరికొచ్చింది. తిట్టలేదు. "మీరు చెప్పారుగా," అంది. అంతే. ఆ రెండు మాటలకి అతని నోరు మూతపడింది. ఆ సాయంత్రం బండి కడుగుతూ బాబాయ్ అన్నాడు: "ఏం కాదు అనడం మన చేతిలో లేదురా. అది అనకు. మన చెయ్యి ఏం చేస్తోందో అది చెప్పు. అది ఎప్పుడూ అబద్ధం కాదు." విన్నాడు గాని, అప్పట్లో అది అతని చెవిదాకానే వెళ్లింది.

"ముప్ఫై నాలుగో నంబరు గారూ, ఏమైనా చేస్తున్నారా?" అంది డాక్టరమ్మ.

అతను తన చేతివైపు చూసుకున్నాడు.

"చెయ్యి పట్టుకున్నాను," అన్నాడు. "మీ చెయ్యి పట్టుకున్నానమ్మా. నాడి చూస్తున్నాను. వేగంగా ఉంది, నూటపన్నెండు. ఊపిరి నిమిషానికి ముప్ఫై రెండు. పెదాలు కొంచెం నీలంగా ఉన్నాయి అనుకుంటున్నాను. ఇప్పుడు మిమ్మల్ని లేపి కూర్చోబెడతాను, వెనక నా చెయ్యి ఉంది, ఆనుకోండి. ఇది ఆక్సిజన్, ముఖానికి పెడుతున్నాను, రబ్బరు వాసన వస్తుంది, భయపడకండి..."

గట్టు తెగినట్టు మాట వచ్చింది. చెయ్యి ముందు, మాట వెనక. కాసేపటికి మాటే ముందు నడిచింది. నిజంగా ఆయాసపడుతున్న మనిషి ఇంకొకరున్నారు, అతను మాట్లాడుతున్నది ఆ మనిషితోనే. డాక్టరమ్మ పెన్ను కదులుతూనే ఉంది.

ఆఖర్న పేషెంటు తన పాఠంలో ఉన్న మాట అప్పగించింది. "బాబూ, నాకేం కాదు కదా?"

అతనికి చెమట కారి కంట్లో పడింది.

"అది నేను చెప్పలేనమ్మా," అన్నాడు. "మీ చెయ్యి మాత్రం నా చేతిలో ఉంది. ఆస్పత్రిదాకా వదలను."

పేషెంటు ఈసారి ఆవలించలేదు. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి గొలుసుకి వదిలేసింది.

రెండింటికి చీటీ చేతికిచ్చారు. 'ఉత్తీర్ణత' అని ముద్ర, కింద సంతకం. సర్టిఫికెట్ పోస్టులో వస్తుందట. అతను ముద్ర చూశాడు గాని దానిమీద మనసు నిలవలేదు. గేటు దగ్గర ఫోన్ తీసుకుని చూస్తే భార్యవి మూడు కాల్స్ ఉన్నాయి, ఆస్పత్రినుంచి ఒక్కటీ లేదు. ఊపిరి పీల్చుకున్నాడు. భార్యకి ఫోన్ చేసి, "పాసయ్యాను," అన్నాడు. అవతలనుంచి ఏడుపు వినబడింది. "నోటితో చెప్పారు చూడండీ, దానికే పాస్ చెయ్యొచ్చు," అంది ఆవిడ ఏడుస్తూనే.

మూడో అంతస్తు మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. చీటీ జేబులో నలగకుండా చేత్తోనే పట్టుకున్నాడు. గుమ్మంలో నర్సమ్మ అతన్ని చూసి లేచింది, తల దించుకుంది.

"ఫోన్ చెయ్యబోతే చెయ్యి పట్టుకుని ఆపేశారండీ. మీ పరీక్ష అయ్యేదాకా వద్దని ఒట్టు వేయించుకున్నారు. పన్నెండున్నర దాటాక స్పృహ లేదు."

మంచం చుట్టూ తెర లాగి ఉంది. బాబాయ్ కళ్లు మూసుకుని ఉన్నాడు. ముప్ఫైలు దాటిన ఊపిరి ఎప్పుడో అలిసిపోయి, ఇప్పుడు ఒకటి వచ్చి, చాలాసేపు ఆగి, ఇంకొకటి వస్తోంది. సైలెన్సర్ చేతులు రెండూ తెలియకుండానే ఆయన ఛాతీమీదికి వెళ్లాయి. నర్సమ్మ మెల్లిగా, "సంతకం పెట్టారు కదండీ," అంది. అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఆరునెలలు నేర్చుకున్నదంతా వద్దంటే ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలియలేదు.

ఏం కాదు బాబాయ్ అనే మాట గొంతుదాకా వచ్చింది. మింగేశాడు.

"నేను వచ్చాను బాబాయ్," అన్నాడు. "నీ కుడిచెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. రెండు చేతులతో పట్టుకున్నాను ఇప్పుడు. దిండు జారింది, తల కొంచెం ఎత్తి సరిచేస్తున్నాను. ఇదిగో, అయిపోయింది. పెదాలు తడుపుతున్నాను. పాసయ్యాను. తొడ తడుముకున్నాను, ముక్క లేదు. నువ్వు తీసేసుకున్నావు కదా. నోరు తెరవక తప్పలేదు. ఇక్కడే కూర్చున్నాను. కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. నీకు వీపు తిప్పి కాదులే, ఎదురుగానే ఉన్నాను..."

పదహారేళ్లలో మాట్లాడనిదంతా మాట్లాడాడు. తెర అవతల పక్క మంచంవాళ్లకి వినబడుతున్నా ఆపలేదు. పంతొమ్మిదేళ్లు సైరన్ కింద కూర్చున్న మనిషికి తన గొంతు ఇంత మెల్లగా ఉంటుందని ఇవాళే తెలిసింది. ఒక ఊపిరి వచ్చింది. అతను ఇంకోదాని కోసం లెక్కపెట్టాడు. ఇరవైదాకా, నలభైదాకా, అరవైదాకా లెక్కపెట్టాడు. మెడ దగ్గర వేళ్లు ఆనించి మరో నిమిషం ఉన్నాడు.

"నర్సమ్మా," అన్నాడు. "ఊపిరి లేదు. నాడి లేదు. టైము రెండు నలభై ఏడు."

పైకే చెప్పాడు. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

నర్సమ్మ డాక్టరు కోసం వెళ్లింది. దుప్పటి సర్దబోతుంటే అతని చేతికింద ప్లాస్టర్ ముక్క తగిలింది. బాబాయ్ తన ఊపిరి తనే లెక్కపెట్టుకుని, అతని పెన్నుతోనే రాసిన అంకెలు వరసగా కిందికి దిగాయి. ఎనిమిదికి ఇరవై ఆరు, తొమ్మిదికి ఇరవై ఎనిమిది, పదికి ముప్ఫై, పదకొండుకి ముప్ఫై నాలుగు, పన్నెండుకి ముప్ఫై ఎనిమిది; మొదట గుండ్రంగా ఉన్న అంకెలు పోనుపోను వంకర్లు తిరిగాయి. అన్నిటికంటే కింద 'ఒంటిగంట' అని ముందే రాసి పెట్టుకుని, పక్కన చిన్న గీత గీసి ఉంది. గీత పక్కన ప్లాస్టర్ తెల్లగా అలాగే మిగిలిపోయింది.